'1984' ఎవరి పక్షం? ఆర్వెల్ జీవితాన్ని సాక్ష్యంగా వాడడంలో మెలకువలు

మనుషుల ఆలోచనల మీద కూడా నిఘా పెట్టే ఒక పార్టీ రాజ్యం గురించి జార్జ్ ఆర్వెల్ రాసిన నవల '1984' సోవియట్ యూనియన్‌లో దాదాపు 40 ఏళ్ల పాటు బహిరంగంగా అచ్చు కాలేదు. కమ్యూనిజం మీద విషం చిమ్మిన పుస్తకమని దానికి ముద్ర పడింది. అదే నవల మీద 1981లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, జాక్సన్ కౌంటీలో అభ్యంతరం లేచింది. అక్కడ చెప్పిన కారణాల్లో ఒకటి, పుస్తకం కమ్యూనిజానికి అనుకూలంగా ఉందని. 2013లో స్నోడెన్ అమెరికా నిఘా వ్యవస్థ గుట్టు బయటపెట్టినప్పుడూ, 2017 జనవరిలో ట్రంప్ అధికారంలోకి వచ్చినప్పుడూ ఆ నవల అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. ఇన్ని రకాల పాఠకులు ఒకే పుస్తకంలో తమ శత్రువునే చూడగలిగారు.

ఇలా జరగడానికి డిస్టోపియా, అంటే భయానకమైన ఊహా సమాజాన్ని చిత్రించే ప్రక్రియ, స్వభావమే కొంత కారణం. వాస్తవిక నవలలో ఊరు, కులం, జిల్లా, కాలం అన్నీ పుస్తకంలోనే ఉంటాయి. డిస్టోపియాలో రాజ్యం కల్పితం. అది నిజానికి ఏ రాజ్యాన్ని ఉద్దేశించిందో రచయిత చెప్పడు. ఆ ఖాళీని పాఠకుడు తనకు అందుబాటులో ఉన్నదానితో పూరించుకుంటాడు. అన్నిటికన్నా ముందు అందేది రచయిత జీవితం. స్టాలిన్‌ని తిట్టినవాడు కాబట్టి ఇది రష్యా కథ అని ఒకరు, సోషలిస్టు కాబట్టి కాదని ఇంకొకరు తేల్చేస్తారు. తెలుగులో సాహిత్య చర్చలకు ఇదేమీ కొత్త కాదు. రచయిత ఎవరి పక్షం అన్న ప్రశ్న మన దగ్గర 1970లో విరసం పుట్టకముందు నుంచీ ఉంది. ఆ ప్రశ్న వేయడంలో తప్పులేదు. జవాబును పుస్తకం తెరవకముందే రాసిపెట్టుకోవడంలోనే చిక్కంతా ఉంది.

రచయిత జీవితం ఒక ప్రశ్నకు చాలా గట్టి జవాబు ఇస్తుంది: ఈ వివరం ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకో ప్రశ్నకు మాత్రం అది అనేకమంది సాక్షుల్లో ఒక సాక్షి మాత్రమే: ఈ నవల దేన్ని ఖండిస్తోంది? ఈ రెండు ప్రశ్నలను కలిపేసినప్పుడల్లా విమర్శ పక్కదారి పట్టింది. ఆర్వెల్ విషయంలో అది ఎన్నిసార్లు జరిగిందో చూస్తే, డిస్టోపియాలన్నిటినీ ఎలా చదవాలో కొంత తెలుస్తుంది.

జీవితంలోంచి నవలలోకి వచ్చినవి

ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25న బిహార్‌లోని మోతీహారిలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సర్కారు నల్లమందు శాఖలో ఉద్యోగి. మరుసటి ఏడాదే తల్లి అతన్ని ఇంగ్లండ్ తీసుకెళ్లిపోయింది. మనవాళ్లు ఇష్టంగా గుర్తుచేసుకునే ఈ వివరం '1984'ని అర్థం చేసుకోవడానికి ఏమాత్రం పనికిరాదు.

పనికొచ్చేది బర్మా. 1922 నుంచి 1927 వరకు ఆర్వెల్ అక్కడ ఇంపీరియల్ పోలీసు అధికారి. తాను నమ్మని వ్యవస్థ తరఫున లాఠీ పట్టుకుని ఐదేళ్లు పనిచేశాడు. ఆ అనుభవంతో రాసిన 'బర్మీస్ డేస్' 1934లో వచ్చింది. అందులో ఒకచోట, తెల్లదొరల క్లబ్బు లోకంలో ప్రతి మాట మీదా, ప్రతి ఆలోచన మీదా కత్తెర ఉంటుందని, తాగి తిరిగే స్వేచ్ఛ ఉంటుంది కానీ సొంతంగా ఆలోచించే స్వేచ్ఛ ఉండదని చెబుతాడు. ఆలోచన మీద నిఘా అన్న ఊహ ఆర్వెల్ రచనల్లో మొదట కనిపించింది బ్రిటిష్ సామ్రాజ్యం గురించి రాస్తున్నప్పుడు. స్టాలిన్ గురించి రాయడం ఆ తర్వాతి సంగతి. నవలలో ఆలోచనలను కనిపెట్టే థాట్ పోలీస్ అనగానే మాస్కో ఒక్కటే గుర్తొచ్చేవాళ్లు ఈ తేదీని దాటి వెళ్లలేరు.

తర్వాతది స్పెయిన్ అంతర్యుద్ధం. 1936 డిసెంబరులో బార్సిలోనా చేరి, స్టాలిన్‌ని వ్యతిరేకించే చిన్న మార్క్సిస్టు పార్టీ పూమ్ మిలీషియాలో చేరాడు. 1937 మే 20న వెస్కా దగ్గర గొంతులో తూటా దిగింది. జూన్‌లో పూమ్‌ని నిషేధించారు. భార్య ఐలీన్‌తో కలిసి జూన్ 23న రైల్లో సరిహద్దు దాటి ఫ్రాన్స్‌కి బయటపడ్డాడు. తుపాకీ గాయం కన్నా అతన్ని ఎక్కువ కుదిపింది పత్రికలు. యుద్ధమే జరగని చోట మహా పోరాటాలు జరిగినట్టు, వందలమంది చనిపోయిన చోట నిశ్శబ్దంగా ఉన్నట్టు వార్తలు వచ్చాయి. ప్రాణాలకు తెగించి పోరాడినవాళ్లను ఫాసిస్టు ఏజెంట్లని రాశారు. జరిగినదాన్ని జరగలేదని శాశ్వతంగా నమ్మించవచ్చన్న భయం అతనిలో అక్కడ నాటుకుంది. వాళ్లు దేశం దాటిన తర్వాత, జూలై 13న, ఎరిక్, ఐలీన్ బ్లెయిర్‌లు కరడుగట్టిన ట్రాట్స్కీవాదులని, అంటే స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్స్కీ అనుచరులని, ఆరోపిస్తూ వాలెన్సియాలోని గూఢచర్య నేరాల న్యాయస్థానానికి ఒక నివేదిక వెళ్లింది. ఆ కాగితం ఉందన్న సంగతి తెలియకుండానే ఆర్వెల్ చనిపోయాడు.

నవలలో జోన్స్, ఆరన్సన్, రూథర్‌ఫర్డ్ అనే ముగ్గురు పాత నాయకులు ఉంటారు. ఫలానా రోజున శత్రు రాజ్యమైన యురేషియా గడ్డ మీద శత్రువును కలిశామని వాళ్లు నేరం ఒప్పుకుంటారు. అదే రోజున వాళ్లు న్యూయార్క్‌లో ఉన్నట్టు చూపే పత్రిక ఫొటో ఒకటి కథానాయకుడు విన్‌స్టన్ చేతికి వస్తుంది. దీనికి నిజ జీవితంలో సరితూగేది ఉంది. 1936 ఆగస్టులో స్టాలిన్ తన పాత సహచరుల మీద నడిపిన మాస్కో విచారణలో ఒక ముద్దాయి, కోపెన్‌హాగెన్‌లోని హోటల్ బ్రిస్టల్‌లో ట్రాట్స్కీ కొడుకుని కలిశానని ఒప్పుకున్నాడు. ఆ హోటల్‌ని 1917లోనే కూల్చేశారు. ఈ ఘట్టం వరకు నవల వేళ్లు సోవియట్ రష్యాలో ఉన్నాయనడానికి సందేహం అక్కర్లేదు.

కానీ విన్‌స్టన్ పాత వార్తలు దిద్దే ఆఫీసు మాత్రం లండన్‌ది. 1941 ఆగస్టు నుంచి 1943 నవంబరు వరకు ఆర్వెల్ బీబీసీ తూర్పు విభాగంలో భారతదేశ శ్రోతల కోసం ప్రసంగాలు తయారుచేయించాడు, వారం వారం యుద్ధ వార్తల వ్యాఖ్యానం రాశాడు. ముల్క్ రాజ్ ఆనంద్ లాంటి రచయితలు ఆ స్టూడియోలో మాట్లాడారు. ప్రతి స్క్రిప్టునూ సెన్సారు చూశాకే గాలిలోకి వదిలేవారు. ఐలీన్ యుద్ధకాలపు సెన్సార్‌షిప్ శాఖలో, ఆ తర్వాత ఆహార మంత్రిత్వ శాఖలో పనిచేసింది. సమాచార మంత్రిత్వ శాఖ ఉన్న లండన్ విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్ భవనమే నవలలోని సత్య మంత్రిత్వ శాఖకు నమూనా అని సాధారణంగా చెబుతారు. ఆలోచనను కుదించడానికి పార్టీ పదాలు తగ్గించి తయారుచేసే భాష న్యూస్పీక్‌కి వెనకాల, సి.కె. ఆగ్డెన్ రూపొందించిన 850 పదాల బేసిక్ ఇంగ్లిష్ మీద ఆర్వెల్‌కు మొదట్లో ఉన్న ఆసక్తి, తర్వాత కలిగిన విముఖత రెండూ ఉన్నాయి. చాక్లెట్ రేషన్, నాసిరకం బ్లేడ్లు, ఉడికించిన క్యాబేజీ వాసన యుద్ధకాలపు, యుద్ధానంతరపు బ్రిటన్‌వి. అక్కడ బ్రెడ్డుకు రేషన్ పెట్టింది యుద్ధం ముగిసిన తర్వాతే, 1946 జూలైలో.

ఇంకో సంగతి. 1939 ఆగస్టు ఒప్పందంతో హిట్లర్‌తో చేతులు కలిపిన రష్యా, 1941 జూన్ 22 తర్వాత రాత్రికి రాత్రే బ్రిటన్‌కి మిత్రదేశమైంది. ఆర్వెల్ బీబీసీలో చేరింది దాదాపు రెండు నెలల తర్వాత. నవలలో శత్రువు మీద ద్వేషం రగిలించే హేట్ వీక్ సభలో వక్త మాట్లాడుతుండగానే శత్రువు మారిపోతాడు. వాక్యం మధ్యలో దేశం పేరు మారుతుంది, గొంతు మారదు.

ఇక్కడ ఒక పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది. ఆఫీసు వివరాలు బీబీసీవి కాబట్టి నవల బీబీసీ మీద వ్యంగ్యం అనేస్తారు. లేదా ముగ్గురు నాయకుల ఒప్పుకోలు మాస్కోది కాబట్టి నవల మాస్కో గురించే అనేస్తారు. రచయిత తనకు తెలిసిన చోటు నుంచి సామగ్రి తెచ్చుకుంటాడు. ఆ సామగ్రితో ఎవరిని కొడుతున్నాడన్నది వేరే లెక్క. బర్మా, బార్సిలోనా, మాస్కో, లండన్ నాలుగూ ఒకే నవలలో కలిసిపోయి ఉండడమే ఇక్కడ అసలు ఆధారం: ఒక్క దేశానికి కట్టిపడేసే పఠనం ఏదైనా మిగతా మూడింటినీ వదిలేసుకోవాలి.

పాలు, ఆపిల్ పళ్లు

జీవితం, ఉత్తరం, పాఠం మూడూ ఒకదాన్నొకటి సరిచేసే తీరు, యజమానిని తరిమేసిన పశువులు చివరికి పందుల పాలన కిందికి వచ్చే కథ 'యానిమల్ ఫామ్'లోని ఒక చిన్న ఘట్టంలో బాగా కనిపిస్తుంది. రెండో అధ్యాయం చివర, తిరుగుబాటు గెలిచిన కొత్తలో, పితికిన పాలు మాయమవుతాయి. మూడో అధ్యాయంలో ఆ పాలు పందుల కుడితిలో కలుస్తున్నాయని తేలుతుంది. రాలిన ఆపిల్ పళ్లు కూడా పందులకే అని ఆజ్ఞ వస్తుంది. మెదడుతో పనిచేసేవాళ్లకు అవి అవసరమని, మేం నీరసపడితే పాత యజమాని జోన్స్ దొర తిరిగి వస్తాడని పందుల ప్రచారకుడు స్క్వీలర్ నచ్చచెబుతాడు.

1946 డిసెంబరులో అమెరికన్ రచయిత డ్వైట్ మెక్‌డొనాల్డ్‌కి రాసిన ఉత్తరంలో ఆర్వెల్, కథ మలుపు తిరిగే చోటు అదేనని, అక్కడ తన మనసులో ఉన్నది 1921లో బోల్షివిక్ ప్రభుత్వం మీద క్రోన్‌స్టాట్ నావికులు చేసిన తిరుగుబాటు అని చెప్పాడు. జంతువులు ఆ రోజే గట్టిగా నిలబడి ఉంటే కథ మరోలా ఉండేదని, జనం అప్రమత్తంగా ఉండి, పని అయిపోగానే నాయకులను దించేయగలిగితేనే విప్లవం వల్ల మేలు జరుగుతుందని వివరించాడు. విప్లవాలన్నీ వృథా అని ఈ కథ చెబుతోందన్న వాదనకు ఇది సూటి జవాబు.

ఇక ఆర్వెల్ స్పెయిన్‌లో పూమ్‌తో ఉన్నాడు కాబట్టి ట్రాట్స్కీ పక్షమని, అందుకే ట్రాట్స్కీని పోలిన పంది స్నోబాల్‌ని మంచివాడిగా చూపించాడని చెప్పేవాళ్లున్నారు. వాళ్లకు జవాబు ఉత్తరంలో వెతకనక్కర్లేదు, కథలోనే ఒక వాక్యంలో ఉంది: ఆపిల్ పళ్ల విషయంలో పందులన్నీ ఒకే మాట మీద ఉన్నాయి, చివరికి స్నోబాల్, నెపోలియన్ కూడా. మిగతా అన్నిట్లో కీచులాడుకునే ఆ ఇద్దరు పందుల నాయకులూ ఇక్కడ ఏకమయ్యారు. జీవిత చరిత్ర ఆధారంగా అల్లిన ట్రాట్స్కీ పఠనం ఈ ఒక్క వాక్యం దగ్గర కూలిపోతుంది.

ఈ పుస్తకాన్ని అచ్చు వేయడానికి గొలాంజ్, జొనాథన్ కేప్, ఫేబర్ సంస్థలు 1944లో నిరాకరించాయి. అప్పుడు రష్యా మిత్రదేశం. సెకర్ అండ్ వార్‌బర్గ్ వేసి 1945 ఆగస్టు 17న విడుదల చేసేసరికి గాలి మారింది. కొద్ది కాలంలోనే అది ప్రచ్ఛన్న యుద్ధంలో ఆయుధమైంది. 1954లో వచ్చిన కార్టూన్ చిత్రానికి డబ్బు సీఐఏది. ఆ చిత్రంలో ముగింపు మార్చారు: జంతువులు పందుల మీద తిరగబడతాయి. ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఆలోచిస్తే పుస్తకం ఏం చెబుతోందో అర్థమవుతుంది. పుస్తకం చివర పందులు, మనుషులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని పేకాడుతుంటారు, ఎవరు ఎవరో పోల్చుకోలేం. అంటే మనుషులు, అదే పెట్టుబడిదారులు, పందుల కన్నా మెరుగని పుస్తకం ఎక్కడా అనలేదు. ఆ సమీకరణం సీఐఏకి పనికిరాదు.

రచయిత వాంగ్మూలం ఎంతవరకు చెల్లుతుంది?

'1984' రాతప్రతి చదివి ప్రచురణకర్త ఫ్రెడ్రిక్ వార్‌బర్గ్ 1948 డిసెంబరులో రాసుకున్న అంతర్గత నివేదికలో, ఈ పుస్తకం కన్సర్వేటివ్ పార్టీకి పది లక్షల ఓట్లు తెచ్చిపెడుతుందన్న అర్థం వచ్చే మాట ఉంది. అంటే సొంత ప్రచురణకర్తే దాన్ని సోషలిజం మీద దాడిగా చదివాడు. 1949 జూన్ 8న నవల వెలువడ్డాక అమెరికన్ పత్రికలు అదే పాట పాడాయి. ఆర్వెల్ ఆస్పత్రి మంచం మీద నుంచే ఖండన పంపాడు: ఈ నవల సోషలిజం మీద గానీ, తాను మద్దతిచ్చే లేబర్ పార్టీ మీద గానీ దాడి కాదని, కేంద్రీకృత ఆర్థిక వ్యవస్థ ఎలాంటి వికృతాలకు లోనుకాగలదో, కమ్యూనిజంలోనూ ఫాసిజంలోనూ అవి ఇప్పటికే కొంత ఎలా నిజమయ్యాయో చూపడమే ఉద్దేశమని. కథను బ్రిటన్‌లో పెట్టింది, ఇంగ్లిష్ మాట్లాడే జాతులు పుట్టుకతోనే మెరుగైనవి కావని, ఎదిరించకపోతే ఆ నిరంకుశత్వం ఎక్కడైనా గెలవగలదని చెప్పడానికేనని. 'లైఫ్', 'న్యూయార్క్ టైమ్స్ బుక్ రివ్యూ' 1949 జూలైలో ఈ ఖండనలోని భాగాలు వేశాయి.

ఖండన వల్ల పెద్దగా ఫలితం లేకపోయింది. పైగా రచయిత మాటల్నే కత్తిరించి వాడారు. 1946 నాటి వ్యాసంలో, 1936 నుంచి తాను రాసిన ప్రతి గంభీరమైన వాక్యమూ నిరంకుశత్వానికి వ్యతిరేకంగా, తాను అర్థం చేసుకున్న ప్రజాస్వామ్య సోషలిజం కోసం రాసిందే అన్నాడు ఆర్వెల్. 'యానిమల్ ఫామ్' అమెరికన్ పేపర్‌బ్యాక్ ఒకదాని పీఠికలో ఆ వాక్యం నిరంకుశత్వం దగ్గర ఆగి, మిగతా సగం స్థానంలో చుక్కలు కనిపించాయి. తరాల తరబడి విద్యార్థులు చదివింది ఆ సగం వాక్యమే. ఉటంకింపులో చుక్కలు కనిపిస్తే అసలు వాక్యం వెతకడం అందుకే తప్పనిసరి.

అయితే రచయిత ఖండనతో వ్యవహారం ముగిసిపోదు. ఉద్దేశం ఏమిటో చెప్పడానికి రచయితే ఉత్తమ సాక్షి. ఆ ఉద్దేశం పుస్తకంలో నెరవేరిందా అన్నది పుస్తకమే చెప్పాలి. బ్రిటిష్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1971లో ఆర్వెల్ మీద రాసిన పుస్తకంలో లేవనెత్తిన అభ్యంతరం ఇప్పటికీ బలమైనదే: పాలక సిద్ధాంతానికి ఇంగ్‌సాక్, అంటే ఇంగ్లిష్ సోషలిజం, అని పేరుపెట్టి, ఎదిరించగల శ్రామికులను మొద్దుజనంగా చిత్రించాక పాఠకులు సోషలిజాన్నే తప్పుపడితే ఆశ్చర్యం ఏముంది? దీనికి జవాబుగా ఖండనను చూపించడం కన్నా నవల రెండో భాగంలో, పార్టీ శత్రువు గోల్డ్‌స్టీన్ పేరు మీద ఉన్న పుస్తకం చూపించడం మేలు. సోషలిస్టు ఉద్యమం మొదట నిలబడిన ప్రతి సూత్రాన్నీ పార్టీ తిరస్కరిస్తుందని, ఆ పని సోషలిజం పేరు మీదే చేస్తుందని అందులో స్పష్టంగా ఉంది. వార్‌బర్గ్ పఠనానికి ఇదే అసలు అడ్డంకి. ఖండన పోగొట్టుకున్నా ఈ వాక్యం మిగులుతుంది.

క్షయ, బడి, చావు

ఇంకో రకం పఠనం రాజకీయాలను పక్కనపెట్టి శరీరాన్ని పట్టుకుంటుంది. ఆర్వెల్ జూరా దీవిలోని బార్న్‌హిల్ ఇంట్లో నవల రాస్తూ 1947 డిసెంబరులో క్షయతో గ్లాస్గో దగ్గరి ఆస్పత్రిలో చేరాడు. అమెరికా నుంచి తెప్పించిన స్ట్రెప్టోమైసిన్ అనే మందు వికటించి ఒళ్లంతా పుళ్లు పడ్డాయి. 1948 చివర తానే మంచం మీద కూర్చుని శుద్ధప్రతి టైపు చేశాడు. 1950 జనవరి 21న చనిపోయాడు. అందుకే ఇది చావు ముందున్న మనిషి నిరాశ అంటారు. దీనికి చుట్టంలాంటిది 1956లో విమర్శకుడు ఆంథనీ వెస్ట్ చేసిన వాదన: చిన్నప్పుడు సెయింట్ సిప్రియన్స్ బడిలో పడిన దెబ్బలు, అవమానాలే పెద్దయ్యాక నవలలోని ఓషియానియా రాజ్యంగా మారాయని.

రెంటిలోనూ కొంత నిజం ఉంది. పుస్తకం మీద క్షయ ప్రభావం లేకపోతే ఇంకా బాగా వచ్చేదని 1948 అక్టోబరులో ఆర్వెల్ స్వయంగా వార్‌బర్గ్‌కి రాశాడు. అయితే అదే ఉత్తరంలో, ఈ ఆలోచన తనకు మొదట 1943లో వచ్చిందన్నాడు. రెండు నెలల తర్వాత ఇంకో ఉత్తరంలో, రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్‌ల టెహరాన్ సమావేశం చూశాక 1944లో వచ్చిందని, ప్రపంచాన్ని ప్రాబల్య మండలాలుగా పంచుకోవడం ఎటు దారితీస్తుందో చర్చించడమే నవల పని అని చెప్పాడు. రచయిత జ్ఞాపకం కూడా ఏడాది అటూ ఇటూ జారుతుంది. ఏ ఏడాదిని తీసుకున్నా, మూడు మహారాజ్యాలు, అంతులేని యుద్ధం అన్న చట్రం క్షయ నిర్ధారణ కన్నా కనీసం మూడేళ్ల ముందుది. అమెరికన్ రచయిత జేమ్స్ బర్నమ్ 1941లో ఊహించిన మూడు మహారాజ్యాల గురించి ఆర్వెల్ వరసగా వ్యాసాలు రాస్తూ వచ్చాడు కూడా. జబ్బు స్వరాన్ని చీకటి చేసి ఉండొచ్చు. రాజకీయ తర్కం జబ్బుది కాదు.

నిరాశ వాదానికి పుస్తకమే పెట్టిన అడ్డంకి చివరి అనుబంధం. న్యూస్పీక్ సూత్రాలను వివరించే ఆ భాగం మామూలు ఇంగ్లిష్‌లో, భూతకాలంలో ఉంటుంది. న్యూస్పీక్ ఒకప్పటి భాష అన్నట్టు, ఎవరో తర్వాతి కాలం పండితుడు రాసినట్టు. పార్టీ ఏదో ఒక రోజు పోయిందన్న సూచనగా దీన్ని చదివేవాళ్లున్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. తేల్చడం కష్టమే. కానీ అమెరికాలో సభ్యులకు పుస్తకాలు పంపే బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్ ఈ అనుబంధాన్నీ, గోల్డ్‌స్టీన్ అధ్యాయాలనూ తీసేస్తే పుస్తకాన్ని ఎంపిక చేస్తామన్నప్పుడు, పెద్ద మొత్తం పోగొట్టుకోవడానికి సిద్ధపడి మరీ ఆర్వెల్ కుదరదన్నాడు. ఆ సంస్థే చివరికి దిగివచ్చింది. బతుకు మీద ఆశ వదులుకుని ఏదో ఒకటి రాసిపడేసిన మనిషి పని కాదు అది.

జమ్యాతిన్: ఒక్క ముద్రతో చదివితే

జీవితాన్ని ఒక్క ముద్రకు కుదిస్తే ఏం పోతుందో రష్యన్ రచయిత యెవ్‌గెనీ జమ్యాతిన్ డిస్టోపియా నవల 'మేము' చూపిస్తుంది. 1920–21లో రాసింది. సోవియట్ యూనియన్‌లో 1988 వరకు రాలేదు. ఇంగ్లిష్ అనువాదం 1924లోనే న్యూయార్క్‌లో వచ్చింది. రచయిత 1931లో స్టాలిన్‌కి ఉత్తరం రాసి దేశం విడిచివెళ్లాడు, 1937లో పారిస్‌లో చనిపోయాడు. ఈ నాలుగు వాక్యాలు తెలిసినవాళ్లు నవలను సోవియట్ వ్యతిరేక వ్యంగ్యమని చదివేస్తారు.

వదిలేసిన వాక్యాలు ఇవి. జమ్యాతిన్ నౌకా నిర్మాణ ఇంజనీరు. 1905 విప్లవ కాలంలో బోల్షివిక్‌గా జైలుకెళ్లాడు. 1916–17లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ ఓడల కార్ఖానాలో రష్యా కోసం తయారవుతున్న ఐస్‌బ్రేకర్ల నిర్మాణాన్ని పర్యవేక్షించాడు. ఆ ఊళ్లో చూసిన మధ్యతరగతి క్రమశిక్షణ మీద 'ద్వీపవాసులు' అనే పెద్ద కథ రాశాడు. అందులో ఒక పాదిరి తిండికీ, ప్రార్థనకీ, భార్యతో గడపడానికీ టైం టేబుల్ వేసుకుని, మనుషులను బలవంతంగా మోక్షానికి నడిపించాలని ఒక శాసనం రాస్తాడు. 'మేము'లో కోట్లమంది ఒకే క్షణాన చెంచా నోట్లో పెట్టుకునే గంటల పట్టికకు మూలం అక్కడుంది. నవలలో మెచ్చుకోలుగా పేరెత్తే మహానుభావుడు అమెరికన్ ఫ్యాక్టరీ నిర్వహణ శాస్త్రవేత్త ఎఫ్.డబ్ల్యూ. టేలర్. 1946 జనవరి 4న 'ట్రిబ్యూన్'లో ఆర్వెల్ ఈ నవలను సమీక్షిస్తూ, జమ్యాతిన్ గురి ఒక్క దేశం మీద కాదని, పారిశ్రామిక నాగరికత ఎటు పోతోందన్నదాని మీద అని గుర్తించాడు. తన సొంత నవలను జనం ఎలా చదవబోతున్నారో తెలియకుండానే, ఇంకొకరి నవలను ఎలా చదవాలో చూపించాడు.

ఆ జాబితా

1949 మే 2న ఆర్వెల్ బ్రిటిష్ విదేశాంగ శాఖలోని రహస్య ప్రచార విభాగంలో పనిచేసే స్నేహితురాలికి 38 పేర్లు పంపాడు. కమ్యూనిస్టు సానుభూతిపరులని తాను అనుమానించేవాళ్లు, ప్రభుత్వ ప్రచార రచనకు వాడుకోకూడనివాళ్లు అని. ఇది 1996లో బయటికి తెలిసింది, పూర్తి జాబితా 2003లో. అంతకన్నా పెద్దదైన సొంత నోటుబుక్కులో కొందరి పేర్ల పక్కన వాళ్లు యూదులా అని రాసుకున్న వ్యాఖ్యలు చదివితే బాధ కలుగుతుంది. నిఘా మీద శతాబ్దపు ప్రసిద్ధ నవల రాసినవాడు ప్రభుత్వానికి పేర్లు అందించడం చిన్న విషయం కాదు. అరెస్టుల కోసం కాదు కదా అని కొట్టిపారేయడం కుదరదు.

అయినా దీంతో నవలను తిరిగి చదవాలనుకునేవాళ్లు రెండు తేదీలు గుర్తుంచుకోవాలి. రాతప్రతి పూర్తయింది 1948 డిసెంబరులో, జాబితా ఐదు నెలల తర్వాతది. కాబట్టి అది నవలకు కారణం కాలేదు. అయితే అది ఒక ప్రశ్నను పదును పెడుతుంది: విన్‌స్టన్ బాధితుడేనా? సత్య మంత్రిత్వ శాఖలో పాత పత్రికలు దిద్దే పని తన జీవితంలో అన్నిటికన్నా ఆనందం ఇచ్చేదని నవలలోనే ఉంది. కామ్రేడ్ ఓగిల్వీ అనే పుట్టని మనిషికి జీవిత చరిత్ర అల్లుతున్నప్పుడు అతను పొందే తృప్తి మామూలు తృప్తి కాదు. వ్యవస్థను అసహ్యించుకుంటూనే దాని పనిని నైపుణ్యంతో చేసే మనిషిని ఆర్వెల్ లోపలి నుంచి ఎరుగు. బర్మా, బీబీసీ, తర్వాత ఈ జాబితా ఆ ఎరుకకు సాక్ష్యాలు. ఇటు పక్క, లండన్ పోలీసుల నిఘా విభాగం స్పెషల్ బ్రాంచ్ అతన్నే ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉంది. తీవ్ర కమ్యూనిస్టు భావాలున్నవాడని, ఆఫీసుకి కూడా బొహీమియన్ తరహా బట్టలతో వస్తాడని 1942 నివేదిక ఒకటి చెబుతుంది. ఆ ఫైళ్లు 2007లో బయటపడ్డాయి.

చదివేటప్పుడు చేయాల్సిన పని

మొదటిసారి పీఠిక చదవకుండా నవల చదవాలి. పీఠిక రాసినవారు ఎంత గొప్పవారైనా, పాఠకుడి చేతికి ముందే ఒక తీర్పు ఇచ్చేస్తారు. మనసును ఆపిన పది, పన్నెండు చోట్ల పేజీ సంఖ్యలు రాసుకుంటే చాలు.

తర్వాత ఒకే కాగితం మీద తేదీల పట్టీ: రచన మొదలు, రాతప్రతి పూర్తి, ప్రచురణ, దానికి ముందూ వెనకా జరిగిన ఘటనలు. రాతప్రతి పూర్తయిన తేదీ దగ్గర అడ్డగీత గీయాలి. గీత కింద ఉన్నదేదీ నవలకు కారణం కాలేదు. '1984'కి ఈ గీత 1948 డిసెంబరు. నాటో 1949 ఏప్రిల్, రష్యా అణుపరీక్ష ఆగస్టు, చైనా విప్లవ విజయం అక్టోబరు, అన్నీ గీత కిందే. నవలలోని మూడో మహారాజ్యం ఈస్టేషియాకు మావో చైనాయే ప్రేరణ అని రాసేవాళ్లు ఈ గీత గీసి ఉండరు.

రచయిత మాటలను సేకరించేటప్పుడు ప్రతి మాట పక్కనా ఎవరికి చెప్పాడు, ప్రచురణకు ముందా తర్వాతా, బహిరంగంగానా ఉత్తరంలోనా అని రాసుకోవాలి. ఇది ఎందుకంటే రచయితలు మారతారు. పుస్తకాలు తగలబెట్టే రాజ్యం మీద రే బ్రాడ్‌బరీ నవల 'ఫారెన్‌హీట్ 451' 1953లో వచ్చింది. 1956 నాటి రేడియో ముఖాముఖిలో అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగిన మెకార్తీ కాలపు భయం వల్ల రాశానన్నాడు. 2007లో మాత్రం అది సెన్సార్‌షిప్ గురించి కాదు, టీవీ గురించి అన్నాడు. రెండు మాటలూ అతనివే. ఏది నవలకు దగ్గరగా ఉందో తేల్చడానికి పుస్తకంలో గోడల నిండా ఉన్న తెరలనూ, ఫైర్ చీఫ్ బీటీ చేసే సుదీర్ఘ ప్రసంగాన్నీ చూడాలి. జనమే ముందు పుస్తకాలు వదిలేశారని, సర్కారు తర్వాత వచ్చిందని అందులో ఉంది.

చివరి పరీక్ష, రాసిన వ్యాసంలోంచి రచయిత పేరు కొట్టేసి చదవడం. వాదన నవల వాక్యాల మీద ఇంకా నిలబడితే జీవిత వివరాలు దానికి బలం. పేరుతో పాటే కూలిపోతే అక్కడ ఉన్నది నవల గురించిన వాదన కాదు, మనిషి గురించిన అభిప్రాయం.

ఇవన్నీ చేసేముందు చేతిలో ఉన్న ప్రతి ఏదో చూసుకోవాలి. మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్ల తర్వాత కాపీరైటు తీరిపోతుంది. ఆర్వెల్ రచనలు 2011 నుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద దొరికే చవక ప్రతులు ఏ ముద్రణ నుంచి ఎత్తారో అట్ట మీద ఉండదు. అనుబంధం ఉందో లేదో ముందు చూడాలి. ఆ తర్వాత ఆఖరి అధ్యాయంలో, విన్‌స్టన్ కేఫ్ బల్ల మీది దుమ్ములో వేలితో లెక్క రాసే చోటు. 1949 తొలి ముద్రణలో అది 2 + 2 = 5. తర్వాతి బ్రిటిష్ ముద్రణల్లో ఆ 5 అచ్చులో రాలిపోయి, సమాన గుర్తు తర్వాత ఖాళీ మిగిలింది. 1987లో ఆర్వెల్ రచనల సంపాదకుడు పీటర్ డేవిసన్ పరిష్కరించిన ప్రతిలోనే అది మళ్లీ చేరింది. ఆ మధ్య కాలపు పుస్తకం చదివినవారికి విన్‌స్టన్ ఇంకా లొంగలేదేమో అనిపించే వీలుంది. అది ఆర్వెల్ ఉద్దేశమూ కాదు, అతని జీవితంలోంచి వచ్చిందీ కాదు, అచ్చు పొరపాటు.